కోను మలుపు దగ్గరే ఉంది పేచీ అంతా

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ముప్పావు వంతు ప్రెషర్ వెసెల్ (లోపల గాలో ఆవిరో ఒత్తిడితో ఉండే ఇనుప పాత్ర) వెల్డింగ్ మీదే. మన రాయగడ వైపు పేపర్ మిల్లు, ఫెర్రో అల్లాయ్స్, అల్యూమినా అన్నీ ఉన్నాయి కదా, వాటి చుట్టూ ఉన్న చిన్న షెడ్లన్నీ ఇప్పుడు హాపర్ల (సరుకు పోసే గరాటు తొట్ల) పని వదిలి ప్రెషర్ పని మీద పడుతున్నట్టున్నాయి. మంచిదే. కాకపోతే మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైపోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

రాయగడ నుంచి ఒక షెడ్డు ఓనరు: నమస్తే సార్. నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు ఇంట్లో మాట్లాడ్డమేగానీ రాయడం తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. ఇప్పటిదాకా హాపర్లు, నీళ్ల ట్యాంకులు చేశాం. ఇప్పుడొక పార్టీ వెసెల్ అడుగుతున్నాడు, 1500 డయా, 3 మీటర్ల షెల్, పైన డిష్ (ఉబ్బు మూత), కింద 45 డిగ్రీల కోను, 200 అవుట్‌లెట్, వర్కింగ్ ప్రెషర్ 7 కేజీలు. డ్రాయింగ్‌లో షెల్‌కీ కోనుకీ మధ్య గుండ్రంగా నకిల్ (మూల లేకుండా తిప్పిన వంపు) చూపించారు. అది తిప్పే మిషన్ మా దగ్గర లేదు, విశాఖ పంపాలి, లారీ కిరాయి, పదిహేను రోజులు. హాపర్‌కి చేసినట్టే కోనుని డైరెక్టుగా షెల్‌కి పెట్టి లోపలా బయటా గట్టిగా వెల్డింగ్ కొట్టేస్తే ఏమవుద్ది? కావాలంటే కోను 16 మి.మీ. ప్లేటు వేస్తాను.

జవాబు: తమ్ముడూ, తెలుగు బాగానే రాశావు, ప్రశ్న ఇంకా బాగా రాశావు. పందిరి రాటకి ఏటవాలుగా తాడు కట్టి లాగు, రాట కిందకే కాదు పక్కకీ వస్తాది కదా. నీ కోను పనీ అంతే. లోపలి ప్రెషర్ కోనుని కిందకి తోస్తాది, కోను ప్లేటు మాత్రం తన వాలులోనే లాగగలదు, అందుకని షెల్ కింది అంచుని కిందకీ లాగుద్ది, చుట్టూ లోపలికీ లాగుద్ది. ప్రెషర్ ఎక్కితే డ్రమ్ము ఉబ్బుద్దని అందరూ అనుకుంటారు, కానీ సరిగ్గా ఆ జాయింటు దగ్గర రింగు బిగుసుకుని లోపలికి నొక్కుకుంటాది, దాంతోపాటు ప్లేటు అక్కడ వంగుద్ది కూడా. హాపర్‌లో ప్రెషర్ లేదు, సరుకు బరువు మాత్రమే, అందుకే అక్కడ నీకు ఎప్పుడూ ఏమీ అవ్వలేదు. వెల్డర్ ఎంత బాగా కొట్టినా ఈ లాగుడు పోదు, కోణం పెరిగేకొద్దీ పెరుగుద్ది.

అందుకే ప్రెషర్ వెసెల్స్‌కి వాడే అమెరికా కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1లో గీత గీశారు, కోను సగం కోణం (నిలువు గీత నుంచి కోను గోడ వాలు) 30 డిగ్రీల దాకా అయితే నకిల్ లేకుండా షెల్‌కి పెట్టొచ్చు, లెక్క చూపించాలి. 30 దాటితే నకిల్ ఉండాలి, లేదంటే స్పెషల్ ఎనాలిసిస్ చేసి నిరూపించుకోవాలి, అది మన షెడ్లో అయ్యే పని కాదు. నకిల్ రేడియస్ కూడా ఇష్టమొచ్చినంత కుదరదు, బయటి డయాలో 6 శాతానికి తగ్గకూడదు, నకిల్ మందానికి మూడింతలకీ తగ్గకూడదు. నీ షెల్ 10 మి.మీ. అనుకుంటే (లెక్క కింద ఉంది) బయటి డయా 1520, దానికి 6 శాతమంటే 91 మి.మీ., కాబట్టి 100 రేడియస్ అడుగుతారు. 16 మి.మీ. ప్లేటు వేస్తానన్నావు, దాంతో 30 డిగ్రీల గీత మారదు, పైగా 10 మి.మీ. షెల్‌కి 16 మి.మీ. కోను తగిలిస్తే మందం తేడా 6 వచ్చింది. పల్చటి ప్లేటులో పావు వంతు లేదా 3 మి.మీ., ఏది తక్కువైతే అది దాటగానే మందం ప్లేటుని ఒకటికి మూడు వాలులో చెక్కాలి, అంటే చుట్టూతా 18 మి.మీ. టేపర్ గ్రైండింగ్. నకిల్‌కి డబ్బులు మిగిలాయనుకున్నావు, గ్రైండింగ్ వీల్స్‌కి పెట్టావు.

ఇంకో సంగతి, ముందు ఇది తేల్చుకో. ఆ 45 అన్నది నిలువు గీత నుంచి సగం కోణమా, లేక మొత్తం కోణమా? నా మొహం మీద ఇది పడింది కాబట్టి చెప్తున్నా. సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో, షెడ్డు పేరు వద్దులే, డ్రాయింగ్ మీద 60 డిగ్రీలని ఉంది, అది మొత్తం కోణం, సగం 30. మార్కింగ్ గుంటడు దాన్ని సగం కోణమనుకుని నేల మీద సుద్దతాడుతో ముగ్గేసినట్టు వేసేశాడు, నేను చూసి కూడా తలూపాను, గ్యాస్ కట్టింగ్ అయిపోయింది, రోలింగ్ అయిపోయింది, నిలబెట్టి చూస్తే గరాటు లేదు, వర్షంలో పొలానికి పట్టుకెళ్లే గిడుగు ఉంది. ప్లేటు డబ్బులు మూడు నెలల జీతంలో కోసుకున్నారు. అప్పట్నుంచీ ఒక్క లెక్క మర్చిపోలేదు: కోనుని విప్పి పరిస్తే వచ్చే ముక్క కోణం 360ని సగం కోణం సైనుతో గుణిస్తే వస్తాది. 30 డిగ్రీలకి సరిగ్గా 180, అంటే అర్ధ చంద్రుడు. 45కి 254 అర. ముగ్గు అర్ధ చంద్రుడు కాకుండా ఇంకేదైనా కనిపిస్తే 30 డిగ్రీల కోను కాదని దూరం నుంచే తెలిసిపోద్ది.

ఇప్పుడు నా సలహా, నకిల్ తప్పించుకోవాలంటే వెల్డింగ్ పెంచకు, కోణం తగ్గించు. పార్టీ 45 ఎందుకు పెట్టాడంటే ఎత్తు కోసం, 1500 నుంచి 200కి దిగడానికి 45లో 650 మి.మీ. ఎత్తు చాలు, 30లో 1126 కావాలి. తేడా ఒకటిన్నర అడుగు. కింద వాల్వుకి, పైపుకి ఆ ఒకటిన్నర అడుగు చోటుందా అని అడుగు, చాలాసార్లు ఉంటాది, డ్రాయింగ్ గీసినాయన ఎప్పుడో పాత వెసెల్ నుంచి కాపీ కొట్టుంటాడు.

లెక్క ఉజ్జాయింపుగా వేసి చూపిస్తా. డిజైన్ ప్రెషర్ 0.8 ఎంపీఏ అనుకుందాం, ప్లేటు ఎస్ఏ 516 గ్రేడ్ 70, అలవబుల్ స్ట్రెస్ (ప్లేటు మీద పడనివ్వదగ్గ లాగుడు) 138 ఎంపీఏ, స్పాట్ రేడియోగ్రఫీకి (అక్కడక్కడా ఎక్స్‌రే తీస్తే) జాయింట్ ఎఫిషియెన్సీ (వెల్డింగ్ బలం వంతు) 0.85, తుప్పుకి 3 మి.మీ. షెల్‌కి 5.1 మి.మీ. మందం వస్తాది, తుప్పు కలిపితే 8.1, 10 వేస్తావు. 30 డిగ్రీల కోనుకి 5.9, తుప్పుతో 8.9, అదీ 10లోనే సరిపోయింది. 45 అయితే 7.3, తుప్పుతో 10.3, అంటే 12 ప్లేటుకి పోవాలి. కోణం తగ్గిస్తే ప్లేటు కూడా తగ్గిందన్నమాట. ఇక జాయింటు దగ్గర. ప్రెషర్‌ని స్ట్రెస్ ఇంటూ ఎఫిషియెన్సీతో భాగిస్తే 0.0068. అపెండిక్స్ 1లో పెద్ద మూతి (కోను షెల్‌కి తగిలే వైపు) టేబుల్లో 0.006కి 25 డిగ్రీలు, 0.007కి 27 ఉంటాయి, మనకి 26 అర వస్తాది, అంటే అంతవరకు కోణమైతే ఏ బలమూ అదనంగా అక్కర్లేదు. మన 30 దాన్ని దాటింది కాబట్టి సుమారు 125 చదరపు మి.మీ. ఇనుము అదనంగా కావాలి. కంగారుపడకు, రింగు వెయ్యక్కర్లేదు, జాయింటుకి అటూ ఇటూ 70 మి.మీ. చుట్టుపక్కల షెల్‌లోనూ కోనులోనూ అవసరానికి మించి ఉన్న మందం లెక్కలోకి వస్తాది, తుప్పు 3 తీసేసినా 200 పైనే వచ్చింది. కింద 200 మూతి దగ్గర లాగుడు బయటికి ఉంటాది, కానీ డయా చిన్నది, నాజిల్ (పైపు తగిలే మూతి గొట్టం) మందమే మోసేస్తాది. ఇది నీకు దారి చూపించడానికే, దీన్ని పట్టుకుని ప్లేటు కొనెయ్యకు. డిజైన్ ఇంజినీరు సంతకం, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ లేకుండా కటింగ్ మొదలెట్టొద్దు, లోపలికి వెళ్లేది ఆవిరైతే ఐబీఆర్ (బాయిలర్ల రూల్సు) సంగతి, గ్యాసైతే నాగపూర్ హెడ్డాఫీసున్న పెసో (పేలుడు పదార్థాల, గ్యాస్ భద్రత చూసే కేంద్ర సంస్థ) సంగతి పార్టీనే ముందు తేల్చమను.

ఇక జాయింటు ఎలా తయారు చెయ్యాలి. చాలామంది రెండు ప్లేట్లకీ మామూలుగా 30, 30 డిగ్రీల బెవెల్ (అంచు వాలు కోత) కొట్టేస్తారు, అవసరం లేదు. కోను 30 డిగ్రీలు లోపలికి తిరిగింది కదా, రెండు ప్లేట్ల అంచులు చదరంగా కోసి లోపలి మూలలు ఆనించి చూడు, బయట వైపు దానంతటదే 30 డిగ్రీల నోరు తెరుచుకునుంటాది. ఇంక 15, 15 కొడితే 60 వచ్చేసింది, రాడ్డు ఆడడానికి చోటు దొరికింది. రూటు గ్యాపు 2 మి.మీ. పెట్టుకో, బయట నుంచి నింపు, తర్వాత లోపలికి దిగి రూటుని గ్రైండర్‌తోనో గౌజింగ్‌తోనో తెల్ల ఇనుము కనబడేదాకా తవ్వి మళ్లీ వెల్డింగ్ చెయ్యి. ఆ లోపలి మూల వంపుని చేత్తో తడిమితే వేలు ఎక్కడా తగలకుండా గ్రైండ్ చేసుకో, వంగుడు స్ట్రెస్ ఉండేది సరిగ్గా అక్కడే, అండర్‌కట్ (వెల్డింగ్ అంచున గాడి) ఒక్క మి.మీ. ఉన్నా పగులు అక్కడే మొదలవుద్ది. షెల్ నిలువు సీమూ (వెల్డింగ్ గీత) కోను సీమూ ఒకే గీతలో రాకూడదు, రెండింట్లో మందమైన ప్లేటు మందానికి ఐదింతలైనా జరగాలి, మనకి 50 మి.మీ. కనీసం, నేనైతే పావు చుట్టు జరిపేస్తా. లోపల వెల్డర్ ఉన్నంతసేపూ మ్యాన్‌హోల్ దగ్గర ఇంకో మనిషి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాల్సిందే.

జేకేపూర్ నుంచి ఒక ఫిట్టరు: గురువుగారూ, కోను బాటమ్ వెసెల్‌కి నాలుగు లగ్గులు (పక్కన వెల్డింగ్ చేసే ఆనిక ముక్కలు) వేసి స్ట్రక్చర్ మీద కూర్చోబెట్టాలి. మా ఫోర్‌మేన్ లగ్గులు కోను జాయింటు మీదే వేద్దాం, అక్కడ వెల్డింగ్ మందంగా ఉంటాది గట్టిగా పట్టుద్ది అంటాడు. 6 మి.మీ. ఫిల్లెట్ (మూలలో కొట్టే వెల్డింగ్) చాలదు 12 కొట్టమంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఫోర్‌మేన్ అనుభవం మీద నాకు గౌరవమే గానీ ఈ రెండు మాటలూ తప్పే. పైన చదివావుగా, ఆ జాయింటు అప్పటికే బిగుసుకుని వంగుతూ ఉంది, దాని నెత్తి మీదే ఇంకో బరువు ఎక్కిస్తే ఎలా? లగ్గుని పైకి జరుపు, షెల్ సాఫీగా ఉన్న చోట వెయ్యి, గుండ్రటి సీమునీ నిలువు సీమునీ తప్పించి.

12 ఫిల్లెట్ సంగతి. పైన రాయగడ వెసెల్‌నే తీసుకుందాం. హైడ్రో టెస్టులో నీళ్లే ఆరున్నర టన్నులు పడతాయి, ఇనుము రెండు టన్నుల లోపు, మొత్తం ఎనిమిదిన్నర అనుకో. నాలుగు లగ్గులంటే తలా రెండు టన్నుల చిల్లర అని లెక్కేస్తారు, కానీ స్ట్రక్చర్ ఒక మూల 2 మి.మీ. కిందకుంటే వెసెల్ నాలుగు కాళ్ల కుర్చీలాగా రెండింటి మీదే కూర్చుంటాది, అందుకే నేను రెండు లగ్గులు మోస్తాయనే లెక్కేస్తా, తలా నాలుగుంపావు. 200 పొడవు లగ్గుకి రెండు వైపులా 6 ఫిల్లెట్ కొడితే కోడ్ ఇచ్చే లెక్కలోనే (ప్లేటు అలవబుల్ స్ట్రెస్‌లో 55 శాతం), నేరుగా కిందకి లాగే బరువుకి, 18 టన్నుల దాకా పట్టుద్ది. వెల్డింగ్ తెగదు నాయనా. లగ్గు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాది కదా, బరువు షెల్ నుంచి 150 మి.మీ. దూరంలో కూర్చుంటాది, ఆ మెలిక లగ్గు పై కొసని షెల్‌లోకి పొడుస్తాది, కింది కొసని బయటికి పీకుద్ది. వంగేది 10 మి.మీ. షెల్. ఫిల్లెట్ డబల్ చేస్తే షెల్‌కి వేడి ఎక్కువై అప్పుడే లోపలికి గుంట పడుద్ది, అంతే లాభం. షెల్ మీద ముందు ప్యాడ్ ప్లేటు వెయ్యి, మూలలు గుండ్రంగా కోసి, లగ్గు కన్నా అన్ని వైపులా వెడల్పుగా, దాని మీద లగ్గు వెయ్యి, మెలిక పెద్ద చోట పరుచుకుంటాది. లగ్గు ఎత్తు పెంచినా పనిచేస్తాది. లగ్గు కింద షిమ్ములు పెట్టి నాలుగూ ఆనేలా చేసుకోవడం మాత్రం మర్చిపోకు.

గుణుపూర్ నుంచి ఒక అమ్మాయి, క్వాలిటీ ట్రైనీ: సార్, నేను డిప్లొమా అయ్యి ఒక షాపులో కొత్తగా చేరాను. ప్యాడ్ ప్లేట్లకి చిన్న కన్నం ఉండాలని డ్రాయింగ్‌లో ఉంది. వెల్డర్ మావయ్యలు అందులో దుమ్ము పోద్ది, తుప్పు పడుద్ది అని వెల్డింగ్‌తో మూసేస్తున్నారు. నేను రిపోర్టులో రాస్తే అందరూ నవ్వారు. నాదే తప్పా?

జవాబు: నీదే రైటమ్మా, రిపోర్టు చింపొద్దు. ప్యాడ్ చుట్టూ వెల్డింగ్ చేసేశాక ప్యాడ్‌కీ షెల్‌కీ మధ్య గాలి చిక్కుకుంటాది. కన్నం లేకపోతే చివరి ముక్క వెల్డింగ్ చేస్తున్నప్పుడు ఆ వేడి గాలి కరిగిన ఇనుములోంచే దారి వెతుక్కుని బయటికొస్తాది, నీకు అక్కడ బొక్కలు బొక్కలుగా కనిపిస్తాది చూడు, సరిగ్గా ఆఖరి అంగుళంలో. తర్వాత వెసెల్ వేడెక్కితే లోపలి గాలి, తేమ ప్రెషర్ కట్టి ప్యాడ్‌ని ఉబ్బిస్తాయి. నాజిల్ ప్యాడ్ అయితే ఇంకో ఉపయోగం, అక్కడ 6 మి.మీ. కన్నంలోంచి కొంచెం గాలి పంపి సబ్బు నీళ్లు రాస్తే లోపలి వెల్డింగ్ లీకు తెలిసిపోద్ది, రేపు నడుస్తున్నప్పుడు నాజిల్ వెల్డింగ్ పగిలినా ముందు ఆ కన్నమే చెప్తాది. దుమ్ము పోకుండా గ్రీజు పెట్టమను. కన్నం ప్యాడ్‌లో అన్నిటికన్నా కింద ఉంటే నీళ్లూ నిలవవు. మావయ్యలకి ఆ ఆఖరి అంగుళం బొక్కలు చూపించు, వాళ్లు రోజూ తిట్టుకుంటూ గ్రైండ్ చేసేది దాన్నే.

తేరుబలి నుంచి: పడుకోబెట్టిన ట్యాంకుకి రెండు సాడిల్స్ (కింద పట్టే ఆనిక పీటలు) చూపించారు, 6 మీటర్ల పొడవు. మధ్యలో మూడోది వేస్తే ఇంకా గట్టి కదా, ఎందుకు వద్దంటున్నారు?

జవాబు: ఫౌండేషన్ మూడూ ఒకే ఎత్తున ఎప్పటికీ ఉంటాయని నువ్వు హామీ ఇస్తే వేసుకో. మధ్యది కాస్త దిగితే అది ఉన్నా లేనట్టే, చివరది దిగితే మధ్యదాని మీద బరువంతా పడి షెల్ పైకి వంగుద్ది. రెండయితే ఏది ఎంత దిగినా బరువు సగం సగమే. సాడిల్స్ లెక్క ఇప్పటికీ 1951లో జిక్ అనే ఇంజినీరు వేసిన పద్ధతిలోనే నడుస్తోంది, సాడిల్ షెల్‌ని కనీసం 120 డిగ్రీలు పట్టాలి, చివర నుంచి దూరం పొడవులో ఐదో వంతు దాటనివ్వరు, వీలైతే డిష్‌కి దగ్గరగా, రేడియస్‌లో సగం లోపు పెడతారు, డిష్ షెల్‌ని గుండ్రంగా పట్టి ఉంచుద్దని. ఒక సాడిల్‌కి బోల్టు కన్నాలు పొడుగ్గా ఉండాలి, 150 డిగ్రీలు వేడి పెరిగితే 6 మీటర్ల ట్యాంకు 10, 11 మి.మీ. సాగుద్ది, రెండు సాడిల్స్‌నీ బిగించేస్తే ఆ సాగుడు షెల్ మీద పడుద్ది. పొడుగు కన్నం చేసి దాన్లో నట్టు టైటుగా బిగించేసినవాళ్లని కూడా చూశాను, డ్రాయింగ్‌కి తగ్గట్టు కన్నమైతే ఉంది!

పర్లాఖెముండి నుంచి: వానాకాలం వస్తే మా 7018 (తక్కువ హైడ్రోజన్ రకం) రాడ్లతో వెల్డింగ్ చేసిన మర్నాడు ఫిల్లెట్ పక్కనే సన్న గీతలు కనిపిస్తున్నాయి. రాత్రి ఏమీ లేదు, డీపీ టెస్టులో (రంగు పూసి పగుళ్లు పట్టే టెస్టు) బాగుంది.

జవాబు: రాడ్డు పూత తేమ పీల్చింది, ఆ తేమలోని హైడ్రోజన్ ఇనుములోకి వెళ్లి, చల్లారాక గంటల తర్వాత పగలగొడుతోంది. అందుకే రాత్రి కనిపించలేదు. ప్యాకెట్ తెరిచిన రాడ్లని 300 నుంచి 350 డిగ్రీల ఓవెన్‌లో గంట పైన కాల్చు, కచ్చితమైన లెక్క ప్యాకెట్ మీదే ఉంటాది, అక్కణ్ణుంచి వెల్డర్ చేతికి వేడి డబ్బాలోనే వెళ్లాలి. వంటింట్లో వడియాలు ఎండబెట్టినట్టు రేకు మీద ఎండలో పరిస్తే సరిపోదు, మన వైపు సగం షెడ్లలో జరిగేది అదే. ప్లేటు తడిగా ఉంటే టార్చితో ఆరబెట్టు, మందం ప్లేటైతే ప్రీహీట్ కూడా. డీపీ టెస్టు మర్నాడు చెయ్యి.

కొరాపుట్ నుంచి: మా టైర్ల షాపు కంప్రెసర్ ట్యాంకు అడుగున సూది కన్నం పడింది, గాలి బుస్సున పోతోంది. పైన ముక్క వేసి వెల్డింగ్ చేయిస్తే సరిపోద్దా? తర్వాత గాలితోనే టెస్ట్ చేసుకుంటాను.

జవాబు: వద్దు బాబూ. ట్యాంకులో గాలిలోంచి దిగిన నీళ్లు అడుగునే నిలుస్తాయి, కన్నం పడిందంటే దాని చుట్టూ అరచేతి వెడల్పున ప్లేటు కాగితమైపోయిందని అర్థం, నువ్వు పట్టీ వెల్డింగ్ చేసేది ఆ కాగితం మీదే. గాలితో టెస్ట్ అసలే వద్దు, నీళ్లు నొక్కుకోవు కాబట్టి తెగితే చిమ్మి ఊరుకుంటాయి, గాలి స్ప్రింగులా నొక్కుకుని ఉంటాది, తెగితే ట్యాంకే ఎగురుద్ది. వర్క్‌షాపుల్లో నీళ్లతో, వర్కింగ్ కాదు, నేమ్ ప్లేటు మీద రాసిన ప్రెషర్‌కి 1.3 రెట్లు కొట్టేది అందుకే. ఆ ట్యాంకుని స్క్రాపుకి వేసెయ్యి, వేసే ముందు గ్యాస్ కట్టర్‌తో నిలువుగా రెండు ముక్కలు చేయించు, లేకపోతే ఎవడో కొనుక్కెళ్లి పట్టీ వేసి రంగు కొట్టి పక్క వీధిలో పెడతాడు.